గడ్డి మిషన్ మోతలో ఆఖరి అంకం

మా వియ్యంకుడి గొంతు పోయిన రోజున నేను ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నాను. కెమెరా నా మొహం మీద ఉంది. కదలొద్దు, మాట్లాడొద్దు అని మనవరాలు ముందే చెప్పింది, అందుకని కదల్లేదు. ఆ మొహం చూసి ఇప్పుడు జనం నన్ను మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు. అసలేం జరిగిందో ఒకసారి రాసి పెట్టమని మా అమ్మాయి చాలాసార్లు అడిగింది, అందుకే రాస్తున్నాను.

నేను పుట్టింది షోలాపూర్‌లో, మగ్గాల పేటలో. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. తెలుగు బడిలో మూడో తరగతి అయ్యాక బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టారు. అక్కడితో నా చదువు సరి. పెళ్లయి నిజామాబాద్ వైపు వచ్చాక మరాఠీతో పని పడలేదు. మా అమ్మాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తూ మరాఠీ అబ్బాయిని చేసుకుంటానన్నాక మళ్లీ పని పడింది. మా ఇంటాయన పోయిన తర్వాత నేను ఇక్కడికి, సింగపూర్ పాసిర్ రిస్‌లో అమ్మాయి ఫ్లాట్‌కి వచ్చాను. కొన్నాళ్లకు వియ్యపురాలు పోయి వియ్యంకుడూ ఇక్కడికే వచ్చారు. అల్లుడూ అమ్మాయీ పొద్దున్నే రైలెక్కి రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసులకి పోతారు. పగలంతా ఇంట్లో మిగిలేది మేమిద్దరం ముసలివాళ్లం. ఇద్దరికీ కుదిరే భాష మరాఠీయే కనక మా మాటలు మరాఠీలోనే. ఆయన నన్ను విహీణ్‌బాయీ అనేవారు, అంటే వియ్యపురాలా అని. నేను ఆయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని.

ఆయన నాటకాలాయన. ఊరూరూ తిరిగే కంపెనీలో చిన్నప్పుడు చేరి, జుట్టు నెరిసేదాకా ఒకే నాటకంలో ఒకే వేషం వేశారు. మరాఠీ వాళ్లలో పెద్దా చిన్నా అందరికీ తెలిసిన నాటకం. నది రేవులో పడవ నడిపే ముసలివాడు, దీపం పెట్టాక పడవ విప్పకూడదని దేవుడి ముందు మాటిచ్చి ఉంటాడు. వరద రోజున అవతలి ఒడ్డు నుంచి కొడుకు కేక వేస్తాడు. ముసలివాడు పడవ విప్పడు. కొడుకు ఈదుతూ వచ్చి మునిగిపోతాడు. ఆఖరి అంకంలో ముసలాయన రేవులో కూర్చుని నదితో మాట్లాడతాడు, ఆ మాటలే నాటకం. పక్కన భార్య జనానికి వీపు పెట్టి కూర్చుని ఉంటుంది, ఒక్క మాటా ఉండదు ఆమెకు.

ఆ నాటకం నేను చూడలేదు, విన్నాను. షోలాపూర్‌లో డేరా చుట్టూ రేకులు కట్టేవాళ్లు. టికెట్టుకి మా అమ్మ పైసా ఇచ్చేది కాదు. ఆఖరి అంకం టైముకి మేం పిల్లలం వెళ్లి రేకులకు చెవి ఆనించి నిలబడేవాళ్లం. లోపల ఆ గొంతు లేచేది, రేకు చెంపకి వణికేది. ఆ గొంతు ఈయనదే అయి ఉండొచ్చు, వేరే ఎవరిదైనా అయి ఉండొచ్చు. ఆ సంగతి ఒకసారి చెబితే ఆయన నవ్వి, "అయితే ఆ టికెట్టు బాకీ మీ మీద ఇంకా ఉంది విహీణ్‌బాయీ" అన్నారు.

మనవరాలు ఇక్కడి కాలేజీలో సినిమా చదువు చదివింది. ఆఖరి ఏడాది ఒక సినిమా తీసి చూపించాలట. తాతగారి నాటకమే తీస్తానని కూర్చుంది. కానీ నది లేదు, రేవు లేదు. నదిని గేటు చేసింది. ఇక్కడ ప్రతి ఫ్లాటుకీ తలుపు బయట ఇంకో ఇనప గేటు ఉంటుంది. ఇంటికి ఆలస్యంగా వచ్చే కొడుకుతో విసిగిపోయిన తండ్రి, గేటుకి తాళం వేశాక తియ్యనని ఒట్టు పెట్టుకుంటాడు. కొడుకు బయట గేటు పట్టుకుని ఊపుతాడు. తాగి వచ్చాడనుకుని తండ్రి తియ్యడు. గుండె ఆగి వాడు ఆ వరండాలోనే పడిపోతాడు. మాటలు మాత్రం ఆ మరాఠీ మాటలే, నది అన్న చోటల్లా గేటు.

ఆజోబాకి, అంటే తాతగారికి, ఇది మింగుడు పడలేదు.

"నదికి చెవులుంటాయి పిల్లా. మాట్లాడితే తిరిగి ఏదో మోత చేస్తుంది. ఈ గేటు ఏం చేస్తుంది?"

"ఏం చెయ్యదు ఆజోబా. దట్స్ ది పాయింట్ లా." ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో మాట చివర ఆ లా ఉంటుంది.

"పాయింటు నీకు. మాట్లాడేది నేను."

ఆ రోజు సాయంత్రం నేను కూరగాయలు తెచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చేత్తో ఒకసారి ఊపారు. ఆ ఇనుము వరండా అంతా మోగింది. ఎదురింటి చైనా ముసలమ్మ తలుపు తీసి చూసింది. "సరే, ఇదీ జవాబు చెబుతుంది" అని లోపలికి వచ్చి కూర్చున్నారు. మనవరాలు పరిగెత్తుకొచ్చి ఆయన మెడ కావలించుకుంది.

భార్య వేషం నాకు వచ్చి పడింది. నాటకంలో జనానికి వీపే కనిపించేది గనక ఎవరు కూర్చున్నా నడిచేది. "మా కంపెనీలో వంటావిడ కూర్చునేది. చేతిలో బియ్యం చేట, ఏరుకుంటూ ఉండేది, జనం అది ఏడుపనుకునేవాళ్లు" అన్నారు ఆయన. కానీ సినిమాలో మొహం కావాలట. మనవరాలు ఎవరో నటిని పిలుస్తానంది.

"కూర్చోవడానికి కూడా మనిషిని పెట్టుకుంటారటే?" అన్నాను.

"అయితే నువ్వే కూర్చో అమ్మమ్మా. జస్ట్ సిట్. యాక్టింగ్ చెయ్యకు, ప్లీజ్."

"నా చీరే కట్టుకుంట. కొత్తది కొన్నవంటే చూడు."

ఈ లోపల ఆయన గొంతు బొంగురు పోవడం మొదలైంది. పొడి దగ్గు, మింగితే నొప్పి. మేం గాలి మార్పు అనుకున్నాం. ఆస్పత్రిలో లోపల గొట్టం పెట్టి చూసి, ముక్క తీసి పరీక్ష చేసి, మాటలు పుట్టే పెట్టె మొత్తం తీసెయ్యాలన్నారు. ఆ తర్వాత మెడలో కంత నుంచి ఊపిరి. డాక్టరు ఇంగ్లీషులో చెప్పేది అల్లుడు తండ్రి మొహం చూడకుండా మరాఠీలోకి తిప్పి చెప్పాడు. ఆయన ఒకే ఒక్కటి అడిగారు: "మాట?" అల్లుడు దాన్ని డాక్టరుకి తిప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఆపరేషన్‌కి రోజు పెట్టారు. అప్పటిదాకా గట్టిగా మాట్లాడొద్దు, గొంతు దాచుకోండి అన్నారు.

ఇంటికి వచ్చాక ఆయన మనవరాల్ని పిలిచి, "ఆఖరి అంకం నా గొంతుతో నీ దగ్గర ఉండాలి. ఇంకేదీ లేకపోయినా పర్లేదు" అన్నారు. అంతే ఆయన కోరింది. సినిమా ఎవరు చూస్తారో, ఎంత పేరొస్తుందో ఆయనకు పట్టలేదు.

నాకు ఒళ్లు మండింది. "మనిషి మిగిలితే చాలు. మాటలదేముంది అన్నయ్యగారూ, ఇన్నాళ్లూ మాట్లాడింది చాలలేదా?" అన్నాను.

"మీరు టికెట్టు కొనకుండా విన్నారు కదా, అందుకే మీకు చవక."

అప్పటి నుంచి ఆయన ఇంట్లో నోరు విప్పడం మానేశారు. టీ కావాలంటే చెయ్యి చూపేవారు. దాచిపెట్టుకున్నారు.

మిగతా సినిమా అంతా ముందే తీశారు. ఆపరేషన్ ఇంకా వారంలో ఉందనగా ఆఖరి అంకం పెట్టుకున్నారు, మా హాల్లోనే. కాలేజీ నుంచి దీపాలు తెచ్చారు. అవి ఆ సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలి. కెమెరాకి ఒక పిల్ల, శబ్దానికి ఒక మలయ్ పిల్ల. ఆ పిల్ల చెవులకి పెద్ద డిప్పలు పెట్టుకుని, కర్ర చివర మైకు పట్టుకుని నిలబడింది. మా అమ్మాయి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నా పక్కన అన్నం కంచం పెట్టారు, చచ్చిపోయిన కొడుకు కోసం తల్లి దాచిన అన్నమట. ప్రతిసారీ ఆవిరి రావాలి, కొత్తగా వండుదామంది మనవరాలు. "ఆ అన్నమే మళ్ల వేడి చెయ్యి. పారబోస్తే ఊకోను" అన్నాను. అదే వేడి చేస్తూ పోయారు.

మొదలుపెట్టే ముందు ఆయన వంగి నేలను ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. కొబ్బరికాయ కొట్టారు. చిప్పలు నేను వంటింట్లో పెట్టొచ్చాను, పచ్చడికి. ఆయన వచ్చి గేటుకేసి తిరిగి కూర్చున్నారు. ఎదురుగా, కొంచెం పక్కకి, నేను. అప్పుడు కింద గడ్డి కోసే మిషన్లు మొదలయ్యాయి.

సింగపూర్‌లో ఉన్నవాళ్లకి ఆ మోత చెప్పనక్కర్లేదు. భుజాలకి మిషన్లు తగిలించుకుని మనుషులు బ్లాకు చుట్టూ తిరుగుతారు. కిటికీలన్నీ మూసినా పళ్లలోకి దిగుతుంది. మలయ్ పిల్ల డిప్పలు తీసేసి, "కెనాట్ లా, కెనాట్" అని, కుదరదని తల ఊపింది. కాసేపు ఆగి చూశారు. ఒక మిషన్ అవతలి వైపుకి పోతే ఇంకోటి ఇవతలికి వచ్చేది. అది ఆగితే విమానం. దీపాలు వెనక్కి ఇచ్చే వేళ దగ్గర పడుతోంది.

మనవరాలు తాతగారి ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పింది. ఈ రోజు మొహం మటుకే. గొంతు రేపు. కాలేజీలో ఏ చప్పుడూ రాని గది ఉంది, రేపు పొద్దుటికి అడిగి పెట్టుకుంది. అక్కడ బొమ్మ చూస్తూ మాటలు చెబితే అతికిస్తారు. సినిమాల్లో అందరూ చేసేదే. "సో టుడే మెల్లగా ఆజోబా. పెదాలు కదిలితే చాలు. రేపటికి దాచుకో." ఆయన తల ఊపారు. అర్థమైందనే నేనూ అనుకున్నాను.

కెమెరా తిరిగింది. ఆయన నోరు తెరిచారు. రేకుల అవతల నేను విన్న గొంతు మా హాల్లో లేచింది.

పోయిందనుకున్న గొంతు, బొంగురు గొంతు, ఎక్కడి నుంచి వచ్చిందో. కిటికీ అద్దం చిన్నగా గిలగిలలాడింది. కింద మిషన్ మోత, పైన ఈయన. ఆ మోతని కూడా నది అనుకున్నారో ఏమో, దానికి ఎదురు పోతూ చెప్పారు. అయ్యాక మనవరాలి కళ్ల నిండా నీళ్లు. మలయ్ పిల్లకి ఒక్క మాట తెలీదు, తనకీ నీళ్లే.

"ఆజోబా, మెల్లగా అన్నాను కదా!"

"మెల్లగా చెబితే మొహంలోకి ఏం వస్తుంది? లోపల మోగితేనే మొహం."

ఇదీ నిజమే. మనవరాలు కెమెరా బొమ్మలో ఆ మొహం చూసుకుంది, మళ్లీ మెల్లగా అనలేదు. ఇంకోసారి పక్క నుంచి తీశారు. చేతులు తీశారు. ప్రతిసారీ ఆయన మొత్తం చెప్పారు, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా. మధ్యలో నేను వేడినీళ్లు ఇచ్చాను. చుక్క చుక్కగా మింగారు. మా అమ్మాయి వంటింటి గడపలో నిలబడి, "చాలియ్యే, మామయ్యకు చాతగాదు" అంది. కూతురు వినిపించుకోలేదు.

ఇక నా మొహం ఒక్కటే మిగిలింది. కెమెరాని నా వైపు తిప్పారు. ఆయన కెమెరా వెనక్కి వచ్చి, నా కళ్లు పడే చోట స్టూలు మీద కూర్చున్నారు. ఇందులో ఆయన కనిపించరు, వినిపించరు. మనవరాలు ఈసారి బతిమాలింది. "ఆజోబా, దిస్ వన్ మీరు అక్కర్లేదు. జస్ట్ సిట్. అమ్మమ్మ మిమ్మల్ని చూస్తే చాలు."

"ఎదురు మనిషికి చచ్చిన మాట అందించకూడదు" అన్నారు. వాళ్ల కంపెనీలో అది నేమం. జ్వరం ఉన్నా, జనం లేకపోయినా, ఎదుట ఉన్నవాడికి పూర్తి గొంతుతోనే మాట అందించాలి, లేకపోతే వాడి ముఖాన ఉమ్మినట్టు. నేను నటిని కాను, వంటావిడ లాంటిదాన్ని. అయినా నాకు పూర్తిగా ఇవ్వాలని ఆయన తీర్మానం.

మొదలుపెట్టారు. మొదటి మాటలు బాగానే వచ్చాయి. నది అనబోయి గేటు అన్న చోటుకి వచ్చేసరికి గొంతు రెండుగా చీలింది. పైది గాలి, కిందది గరగర. ఆపలేదు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. తర్వాతి మాటకి గాలి ఒక్కటే వచ్చింది. నోరు మాత్రం ఒక్క మాటా వదలకుండా నడుస్తోంది. ఆయన నా కళ్లలోకి చూస్తున్నారు. ఏమైందో ఆయనకు తెలిసింది, నాకు తెలిసిందని కూడా తెలిసింది. అయినా చెబుతూనే ఉన్నారు. మూతి చివర ఎర్రగా కనిపించాక నేను లేచాను. మనవరాలు తన సినిమాని నేను లేచిన ఆ క్షణం దగ్గరే ఆపేసింది. ముసలిది చచ్చిన కొడుకు కోసం లేచిందని చూసినవాళ్లు అనుకుంటారు.

ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోయాం. రక్తం ఆగలేదు. పెట్టిన రోజు దాకా ఆగకుండా ఆపరేషన్ చేసేశారు. చప్పుడు రాని గదికి ఎవరూ పోలేదు.

తర్వాత మనవరాలు గదిలో తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. పెదాలకి మాట కలుపుకోవడానికని ఆ రోజు మలయ్ పిల్ల ఊరికే పట్టిన శబ్దం ఒకటుంది, అందులో మిషన్లూ ఆయనా కలిసి ఉన్నారు. మిషన్ మోత తీసి గొంతు మిగల్చాలని దాని తంటాలు. ఒకరోజు నేను అన్నం పట్టుకెళ్తే నాకు వినిపించింది. డబ్బాలోంచి ఎవరో పిలిచినట్టుంది.

"మిషన్ తీసేస్తే గొంతు కూడా దాంతోనే పోతోంది అమ్మమ్మా. మైక్ ముందు పెట్టాల్సింది. ఫస్ట్ గొంతు తీసుకుని ఉంటే..."

"ఉంటే ఉండేది. అన్నం తిను."

"నేనే పోగొట్టాను కదా?"

"ఎట్లనన్న పోయేదే అది. తిను ముందు."

నేను అంతకంటే మెత్తగా మాట్లాడలేను. దానికి అది తెలుసు. తిన్నది.

అల్లుడే వేరే గొంతు పెడదామన్నాడు. ఇక్కడి మరాఠీ వాళ్లలో పండగలకి నాటకాలు వేసే ఒకతను ఉన్నాడు, మంచి గొంతు. మనవరాలు ఒప్పుకోలేదు, మామయ్యని అడుగుదామని మా అమ్మాయి అంది. ఆయన మెడకి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. విషయం విని పలక తీసుకుని రాశారు: ఆట ఆగకూడదు. వాళ్ల కంపెనీలో వేషగాడు పడిపోతే ఇంకొకడు అవే బట్టలు తొడుక్కుని వెళ్లేవాడట, జనానికి చెప్పేవాళ్లు కాదట. ఆ అబ్బాయి ఇంటికి వచ్చి ఆయన ముందు కూర్చుని మాటలు చెప్పాడు. ఎక్కడ ఆగాలో ఈయన బల్ల మీద వేలితో కొట్టి చూపించారు. ఆ అబ్బాయి ఆగిన చోటల్లా సరిగ్గానే ఆగాడు. ఈయన ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. ఆ అబ్బాయి వెళ్లాక గోడ వైపు తిరిగి పడుకున్నారు, భోజనానికి లేవలేదు.

కాలేజీలో చిన్న హాల్లో సినిమా వేశారు. అందరం వెళ్లాం. తెర మీద ఆయన పెద్దగా, నోరు తెరిచి. ఆ నోట్లోంచి ఆ కుర్రాడి గొంతు. బాగా అతికింది, అందుకే నాకు భయం వేసింది. అయ్యాక దీపాలు వేశారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో పెద్దాయన జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, "వాట్ ఎ వాయిస్ సర్! ఇలాంటి గొంతు ఈ రోజుల్లో ఎక్కడుంది?" అన్నాడు. మెడకి గుడ్డ ఉంది గనక అతనికి తెలీదు. మనవరాలు ఏదో చెప్పబోయింది. ఈయన దాని భుజం నొక్కి ఆపి, అతనికి నమస్కారం పెట్టారు. అతను నా వైపు తిరిగి, "అమ్మా, మీ మొహంలో ఆ దుఃఖం!" అన్నాడు. నేను నమస్కారం పెట్టలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. మనవరాలు ఊరికి ఆ చివర క్లెమెంటిలో గది తీసుకుని స్నేహితురాళ్లతో ఉంటోంది, ఆదివారాలు వస్తుంది. ఆ సినిమా మాట ఇంట్లో ఎత్తదు. పగలు మళ్లీ మేమిద్దరమే.

గడ్డి కోసేవాళ్లు వచ్చినప్పుడు బ్లాకులో అందరూ కిటికీలు మూసుకుంటారు. మా ఇంట్లో ఆయన లేచి తెరుస్తారు. మొదటిసారి నేను మూయబోతే నా చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టారు. కుర్చీ లాక్కుని గేటుకేసి తిరిగి కూర్చున్నారు. మిషన్ మా వైపుకి రాగానే పెదాలు మొదలయ్యాయి. మొదటి మాట నేను గుర్తు పట్టాను. ఆ మోతలో గొంతున్నవాడు మాట్లాడినా ఎవరికీ వినపడదు, లేనివాడు మాట్లాడినా వినపడదు. నేను బియ్యం చేట తెచ్చుకుని ఎదురుగా, కొంచెం పక్కకి కూర్చున్నాను. ఇక్కడి బియ్యంలో రాళ్లుండవు. అయినా ఏరాను.

అప్పటి నుంచి వాళ్లు వచ్చినప్పుడల్లా ఇదే. మొదట్లో మిషన్ మా వైపు నుంచి బ్లాకు వెనక్కి మళ్లేలోగా ఆయన ఆఖరి మాట దాకా వచ్చేసేవారు. ఈ మధ్య జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఊపిరి చాలడం లేదు, మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నారు. మొన్న వాళ్లు వచ్చినప్పుడు మిషన్ ముందే వెళ్లిపోయింది. హాలంతా నిశ్శబ్దం. మెడలో కంత దగ్గర ఆయన గాలి బుసబుసలాడడం వినిపిస్తోంది. ఆయన మాటల్లో ఇంకా గేటు అనే చోటు దాకా రాలేదు.

నేను తలెత్తలేదు. చేట కదుపుతూ కూర్చున్నాను, ఆయన పూర్తి చేసేదాకా.